సబర్ సరే, హుకుం కాగితం ఏదీ?

మొన్న జనగామలో జుమా నమాజ్ అయ్యాక ఒక నౌజవాన్ నాకు ఫోన్ చూపించాడు. ఆరేళ్లుగా ఒక సర్కారీ దఫ్తర్‌లో అవుట్‌సోర్సింగ్ నౌకరీ. వాట్సాప్‌లో ఒక్కటే ముక్క: "రేపటి నుంచి రావద్దు." దస్తఖత్ లేదు, వజా లేదు. పక్కనున్న పెద్దమనిషి వాడి భుజం తట్టి, "సబర్ చెయ్ బేటా, రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లా" అన్నారు.

నాకు కోపం వచ్చింది. రిజ్ఖ్ ఇచ్చేది అల్లాయే, అందులో షక్ లేదు. కానీ నౌకరీ తీసింది కుర్చీలో కూర్చున్న ఒక మనిషి. అతన్ని సవాల్ అడగడం బేసబరీ ఎలా అవుతుంది?

భాయియో, 2019 అక్టోబరు మరిచిపోయామా? ఆర్టీసీ సమ్మె మొదలైన మర్నాడే దాదాపు 48 వేల మంది తమంతట తామే నౌకరీ పోగొట్టుకున్నారని ముఖ్యమంత్రి ప్రకటించారు. "సెల్ఫ్ డిస్మిస్" అట! చట్టంలో అలాంటి మాటే లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు డిపోల్లోనూ మనవాళ్లు డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్‌లు. ఇంట్లో తన్ఖా లేదు, పిల్లల ఫీజు లేదు. మహబూబాబాద్ డిపో డ్రైవర్ ఒకాయన ఆ నవంబరులో ప్రాణమే తీసుకున్నాడు. 52 రోజుల తర్వాత సమ్మె ఆగింది. నవంబరు 28న అదే ముఖ్యమంత్రి అందరూ డ్యూటీకి రండి అన్నారు. నోటితో తీసిన నౌకరీ నోటితోనే తిరిగొచ్చింది. మధ్యలో పోయిన జాన్‌లు మాత్రం రాలేదు.

ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లు ఇంకా మజ్బూర్. 2020లో సమ్మె చేశారని ఏడు వేలకు పైగా మందిని తీసేశారు. మళ్లీ తీసుకునేసరికి 2022 వచ్చింది.

హక్కు అందరికీ ఒకటి కాదు, అందుకే ఎవరి తరీఖా ఏదో తెలుసుకోవాలి. పర్మనెంట్ సర్కారీ ముస్లాజిమ్ అయితే రాజ్యాంగం 311వ అధికరణం అండ ఉంది: కొన్ని మినహాయింపులు తప్ప, ఇల్జామ్ ఏంటో చెప్పి, విచారణ జరిపి, జవాబు విన్నాకే బర్తరఫ్. తెలంగాణకు 2016 నుంచి పరిపాలనా ట్రిబ్యునల్ లేదు కాబట్టి, అప్పీలు తర్వాత దారి హైకోర్టు రిట్. కార్పొరేషన్ కార్మికుడికి 311 వర్తించదు. అతనికి కార్మిక చట్టం, లేబర్ ఆఫీసు, లేబర్ కోర్టు.

కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లది కష్టమైన కేసే. 2006 ఉమాదేవి ఫైసలా చూపించి తలుపు మూసేస్తారు. కానీ 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు, ఏళ్ల తరబడి పనిచేయించుకుని ఒక్కసారిగా తీసేసిన కేంద్ర జల సంఘం పార్ట్‌టైమ్ సఫాయి పనివాళ్లను, తోటమాలిని మళ్లీ తీసుకుని పర్మనెంట్ చేయమంది. ఠేకేదారు ద్వారా వచ్చినవాళ్లకు ఇది నేరుగా వర్తించకపోవచ్చు. అయినా తలుపు పూర్తిగా మూసుకోలేదు.

"కోర్టు కూడా సర్కారుదే కదా" అంటారు కొందరు. నిజమే, 2003లో తమిళనాడు లక్షకు పైగా ఉద్యోగులను ఒక్కసారే తీసేస్తే, సమ్మె ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. చేదు ఫైసలా. కానీ ఆ కేసు నడిచినందుకే ఎక్కువ మంది మళ్లీ పనిలో చేరారు. అడగనివాళ్లకు అది కూడా దక్కదు.

కాబట్టి ముందు హుకుం రాతలో అడగండి. ఇవ్వకపోతే మీరే దరఖాస్తు రాసి రసీదు తీసుకోండి. హాజరు, తన్ఖా, పీఎఫ్ కాగితాల నకళ్లు దాచండి. ఖాళీ కాగితం మీద, రాజీనామా మీద దస్తఖత్ చేయొద్దు. గడువులుంటాయి, నెలలు దాటనివ్వొద్దు. వకీలుకు పైసల్లేవా? మన మూడు జిల్లాలకూ 2022 నుంచి సొంత జిల్లా కోర్టులున్నాయి. అక్కడి న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, పారిశ్రామిక కార్మికులకు ఆమ్దనీతో సంబంధం లేకుండా వకీలు ముఫ్త్.

మస్జిద్ కమిటీలకూ ఒక మాట. జల్సాలకు చందా వసూలు చేస్తాం. నెలకో ఆదివారం ఒక వకీలుని పిలిచి కూర్చోబెట్టలేమా? ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమని మిన్బర్ మీద చెప్పేది మనమే. ఆ నౌజవాన్‌కు సబర్ చెప్పడానికి పదిమంది వచ్చారు. దరఖాస్తు రాయడానికి కలం తీసినవాడు ఒక్కడూ లేడు.