ఉన్నవాళ్లను లెక్కపెట్టకుండా ఇంకా కనమంటారా?

"ఊళ్లు ఖాళీ అయిపోతున్నాయి. ఇప్పటి ఆడపిల్లలు ఒక్కరితో సరిపెట్టేసుకుంటున్నారు. ఇలాగైతే మనవాళ్లంటూ మిగులుతారా?" ఈ మధ్య నరసరావుపేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర ఒక పెద్దాయన అన్న మాట ఇది. ఆయనకు ఇద్దరు పిల్లలు. ఇద్దరూ అమెరికాలో ఉన్నారు. వాళ్ల చదువులకే పొలం అమ్మాడు. మూడో బిడ్డ ఉంటే ఆ బిడ్డనూ అక్కడికే పంపేవాడు, మిగిలిన చెక్క కూడా అమ్మేవాడు. పక్కన కూర్చున్న ఆయన భార్య విస్తట్లోకి చూస్తూ ఉండిపోయింది. పెళ్లివారింట్లో తగువెందుకని నేనూ నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోదలచుకోలేదు.

ఆయన్ని ఒక్కణ్నే అనడం న్యాయం కాదు. ఈ పాట పైనుంచే మొదలైంది. దక్షిణాదిలో ముసలివాళ్లు ఎక్కువైపోతున్నారు, పిల్లల్ని ఎక్కువమందిని కనండి అని 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లకే స్థానిక ఎన్నికల్లో పోటీ అవకాశం ఇచ్చేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందని కూడా అన్నారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ ఇంకొంచెం ముందుకెళ్లి, మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలు, మగపిల్లాడు పుడితే ఆవు ఇస్తానని ప్రకటించారు. అది మహిళా దినోత్సవం రోజుల్లో వచ్చిన ప్రకటన. ఆడవాళ్ల పండగ పేరు చెప్పుకుని ఆడవాళ్ల గర్భానికి ఖరీదు కట్టారు. దానికి చప్పట్లు కొట్టినవాళ్లున్నారు, పత్రికల్లో మెచ్చుకున్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

అసలు ఖాళీ అయింది ఏ ఊరు? ఎవరి ఊరు? మా గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లోకి వెళ్లి చూడండి. తాళాలు పడ్డవి నడిమి బజారులోని డాబా ఇళ్లు. వాటిలో ఉండాల్సినవాళ్లు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉన్నారు. అదే ఊళ్లో రోడ్డు దాటి ఎస్సీ కాలనీలోకి వెళ్తే ఒక్కో ఇంట్లో రెండు కాపురాలు. బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల తండాల్లో చంటిపిల్లల ఏడుపులు వినిపిస్తూనే ఉంటాయి. గుంటూరు పాత బస్తీ సందుల్లో అద్దెకు గది దొరకదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి గుంటూరు జిల్లాలో 48,87,813 మంది తేలారు. ప్రకాశంలో దాదాపు 34 లక్షలు. గుంటూరులో ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరు ఎస్సీ, ప్రకాశంలో అంతకంటే ఎక్కువ. ఇంతమంది కళ్లెదుట తిరుగుతుంటే ఊరు ఖాళీ అనేవాళ్లకు, తమ బజారు దాటితే మనుషులు కనబడరని అర్థం. "మనవాళ్లు" అన్నప్పుడు ఆ పెద్దాయన లెక్కలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా మిరప తోటల్లో ఒక జిల్లాకు సరిపడా జనం వచ్చి ఉంటారు. కర్నూలు పడమటి మండలాలు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు నుంచి ఇళ్లకు తాళాలేసి సుగ్గికి, అంటే కోతల వలసకు, వస్తారు. పత్తి తీతకు కొందరు ముందే దిగుతారు. మేస్త్రీ లారీ మాట్లాడతాడు, బియ్యం మూటలు, పొయ్యి గిన్నెలు, ముసలమ్మ, చంటిబిడ్డ, కోళ్లు, అందరూ అందులోనే. చేను గట్టున ప్లాస్టిక్ పట్టాలతో డేరాలు వేసుకుంటారు. నీళ్లు బోరు దగ్గర, మిగతాదంతా చెట్లచాటున. కూలి కోసిన కాయకు కిలో లెక్కన, సాయంత్రం కాటా వేసి కడతారు.

ప్రత్తిపాడు దగ్గర ఒక తోటలో పాలిచ్చే తల్లిని చూశాను. పొద్దుటి నుంచి కాయ కోసిన చేతులు. సబ్బుతో కడిగినా ఆ మంట పోదు, రాత్రికి మజ్జిగ రాసుకున్నా పోదు. వేపకొమ్మకు కట్టిన చీర ఊయలలోంచి బిడ్డను వేళ్లతో తీయలేక, రెండు మణికట్ల మధ్య ఇరికించి పైకి లేపింది. ఆ వేళ్లు ఎక్కడ బిడ్డ కంటికి తగులుతాయోనని పది వేళ్లూ విప్పి గాలిలోకి ఎత్తిపెట్టి పాలిచ్చింది. పాలిచ్చినంతసేపూ వేళ్లు ముడవలేదు. ఆ తరువాత బిడ్డను మళ్లీ ఊయలలో వేసి సాలులోకి వెళ్లిపోయింది. అక్కడ అంగన్‌వాడీ లేదు, నీడ లేదు, బిడ్డను చూసే ఏడేళ్ల అక్క ఉంది. ఆ అక్క బడి కోసిగిలో ఉంది. వలస వెళ్లిన వాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడతారు గానీ, తమ్ముణ్ని ఎత్తుకోవాల్సిన పిల్లను ఏ తల్లి హాస్టల్లో దించి రాగలదు?

ఇప్పుడు జనాభా లెక్కల సంగతి చూడండి. 2021లో జరగాల్సిన లెక్క జరగనే లేదు. 2027 మార్చి 1ని ప్రమాణంగా పెట్టారు కాబట్టి మనుషుల్ని లెక్కపెట్టేది ఫిబ్రవరిలో. 2011లోనూ ఫిబ్రవరి 9 నుంచి 28 దాకానే తిరిగారు. ఫిబ్రవరి అంటే మా దగ్గర మిరప కోతలు జోరుమీదుండే నెల. కోసిగిలో జనాభా లెక్కల మాస్టారు వెళ్లేసరికి తలుపుకి తాళం. ఇక్కడ ఊళ్లోకి వచ్చిన మాస్టారు డోర్ నంబర్ల వెంట నడుస్తారు. చేనుగట్టు డేరాకు డోర్ నంబరు ఉండదు. ఆ సమయమంతా ఇంటికి దూరంగా ఉన్నవాళ్లను ఎక్కడుంటే అక్కడే రాసుకోవాలన్నది నియమం. నియమం బాగానే ఉంది. పొద్దున ఆరింటికి చేలో దిగి చీకటి పడ్డాక డేరాకు వచ్చే మనిషి దగ్గరికి ఎవరు వెళ్తారు? తోటల్లోకి లెక్కలవాళ్లు వచ్చారని ఇన్నేళ్లలో ఒక్క కూలీ కూడా నాతో చెప్పలేదు. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక కుటుంబం అని సెన్సస్ లెక్క. అలాంటి పొయ్యిలు మా గట్ల మీద సాయంత్రమయ్యేసరికి వరసగా వెలుగుతాయి. ఆ పొగ రోడ్డు మీదికి కూడా కనిపిస్తుంది. ఉన్న పిల్లల్ని కాగితం మీదకు ఎక్కించలేనివాళ్లు, లేని పిల్లల కోసం పథకాలు రాస్తున్నారు.

గ్రామ సచివాలయం కాగితాల్లోని ఇల్లు ఇంకో రకం. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. కొడుక్కి పెళ్లయి వేరు పడి ఏళ్లయినా రేషన్ కార్డు విడిపోదు. అదే కార్డులో ఉన్న తల్లికి కొడుకు కరెంటు బిల్లు అడ్డం వస్తుంది, కోడలి చిన్న ఉద్యోగం అడ్డం వస్తుంది. మా బంధువుల్లో ఒక విధవరాలి పింఛను ఇలాగే ఆగింది. కొడుకు ఆమెకు అన్నం పెట్టడం లేదు, కంప్యూటరు మాత్రం ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారంటుంది. ముసలివాళ్లు ఎక్కువైపోయారని బెంగపడే పెద్దలు ముందు ఆ ముసలామె ఏ ఇంట్లో ఉందో కనుక్కోవాలి.

పిల్లలు తగ్గడం ఆడవాళ్ల సుఖం కోసమే జరిగిందనే మాట వింటే నాకు అసహ్యం వేస్తుంది. ఎవరు తగ్గించారు? ఇద్దరికి మించి కంటే సర్పంచు పదవికి పనికిరారని 1994 పంచాయతీరాజ్ చట్టంలో రాసింది ప్రభుత్వమే. 1997లో జనాభా విధానం ప్రకటించి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యాలు ఊరూరికీ తీసుకెళ్లింది ప్రభుత్వమే, అప్పుడూ ముఖ్యమంత్రి చంద్రబాబు గారే. ఆ అనర్హత నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది. తీసేయడం మంచిదే, అది మొదటి నుంచీ తప్పుడు నిబంధన. కానీ ముప్ఫై ఏళ్లు ఆపరేషన్ బల్ల మీద పడుకున్నది ఎవరు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో నూటికి దాదాపు డెబ్బై మందికి ట్యూబెక్టమీ అయింది. దేశంలో ఇంకే పెద్ద రాష్ట్రంలోనూ ఇంతమంది లేరు. వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి, ఇరవై రెండుకు రెండో కాన్పు, బాలింత మంచం మీదనే ఆపరేషన్, ముప్ఫై అయిదుకు నడుంనొప్పి అంటే గర్భసంచి తీసేయడం. ఇది మా పల్లెల్లో కూలి ఆడవాళ్ల ఆరోగ్య చరిత్ర. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో నూటికి మూడు మంది చిల్లర ఉంటే, మన రాష్ట్రంలో తొమ్మిది మందికి దగ్గరగా ఉన్నారు. గర్భసంచే మిగలని ఆడదానికి మూడో కాన్పుకు బహుమతి ప్రకటిస్తారా?

పద్దెనిమిదేళ్ల లోపు పెళ్లిళ్ల మాట కూడా చెప్పాలి. అదే సర్వేలో, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడపిల్లల్లో నూటికి ఇరవై తొమ్మిది మంది ఆ వయసు నిండకముందే అత్తారింటికి వెళ్లినవాళ్లు. మన రాష్ట్రంలో సగటున ఒక్కో స్త్రీకి 1.7 మంది పిల్లలు అని గగ్గోలు పెట్టేవాళ్లు ఈ ఇరవై తొమ్మిది గురించి ఒక్కరోజైనా పిలుపునిచ్చారా?

కుటుంబాలు చిన్నవైపోయాయని ఏడ్చేవాళ్లకు ఇంకో విషయం గుర్తు చేయాలి. మా దగ్గర చాలా ఇళ్లు చిన్నవైంది పురుగుమందు డబ్బా వల్ల. 1987-88లో తెల్లదోమ పత్తిని పీల్చేసి పిప్పి చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. ఆ మోత దేశమంతా వినిపించింది. ఆ ఇళ్లలో ఒక తల్లీ ఇద్దరు పిల్లలే మిగిలారు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతను మాడ్చేసింది. 2025లో కాయ పండితే ధర పడిపోయింది, క్వింటాకు 11,781 రూపాయలని కేంద్రం ఒక ధర కట్టింది, ఆ ధరకు కోత కూలీ, మందుల బాకీ తీరవని యార్డుకు వచ్చిన ప్రతి రైతూ చెప్పాడు. చచ్చిపోయేది ఎక్కువగా కౌలు రైతు. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. యజమాని అమెరికాలో ఉంటాడు, సంతకం పెట్టడు, పెడితే భూమి పోతుందని భయం. కార్డు లేని కౌలు రైతు ఉరి వేసుకుంటే ఏడు లక్షల పరిహారం కోసం భార్య మండలాఫీసు చుట్టూ తిరగాలి. ఆమెతో చెప్పండి మూడో బిడ్డ గురించి.

నియోజకవర్గాల పునర్విభజనలో సీట్లు పోతాయి కాబట్టి జనాన్ని పెంచాలన్న వాదన గురించి ఎక్కువ చెప్పను. ఢిల్లీతో తేల్చుకోవాల్సిన రాజకీయ తగాదాను మంత్రసాని చేతికి అప్పగించడం చేతగానితనం.

మరైతే ఏం చేయాలంటావు అని అడుగుతారు. అన్నిటికీ నా దగ్గర జవాబు లేదు. కానీ మొదట చేయాల్సింది తెలుసు. మిరప కోతల కాలంలో తోటల దగ్గర అంగన్‌వాడీ నడవాలి. దాన్ని నడిపేవాళ్లకు బతికే జీతం ఇవ్వాలి. 11,500 రూపాయలు చాలడం లేదని వాళ్లు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే అప్పటి ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించింది. పిల్లలు కావాలంటారు, పిల్లల్ని చూసేవాళ్లు అడిగితే చట్టం చూపిస్తారు. యజమాని సంతకంతో పనిలేకుండా కౌలు కార్డు రావాలి. కోల్డ్ స్టోరేజీల నీడన రోజంతా కాయ తొడిమలు తీసే ఆడవాళ్లకు కనీస వేతనం అమలు కావాలి. 2027 ఫిబ్రవరిలో గుంటూరు, పల్నాడు, ప్రకాశం, బాపట్ల కలెక్టర్లు లెక్కల సిబ్బందిని ఊరి వీధులతో ఆపకుండా సాయంత్రం పూట చేనుగట్లకు పంపాలి, మేస్త్రీల దగ్గర పేర్లు తీసుకుని డేరా డేరాకూ వెళ్లి ఎంతమంది ఉన్నారో, ఏ ఊరివాళ్లో, పిల్లలెందరో, ఆ పిల్లలు ఏ బడిలో ఉండాల్సినవాళ్లో రాయించాలి. ఈ పని చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఆవులూ అక్కర్లేదు. ఆ కాగితాలు పూర్తయి అందరి ముందూ పెట్టేదాకా మూడో బిడ్డ మాట ఎత్తే పెద్దమనిషి ఎవరైనా సరే, పెళ్లిభోజనాల దగ్గరైనా సరే, ఈసారి ఎదురు మాట్లాడతాను.