కాలనీ మురుగు కాలువ ఎవరిది?

వర్షాకాలం ప్రవేశించిందంటే రైల్వే కాలనీలలోను, తపాలా క్వార్టర్లలోను నివసించే మన ఉద్యోగ కుటుంబాలకు ఒక చిక్కు తప్పదు. కాలువ పొంగి మురుగు ముంగిట్లోకి వస్తుంది. ఎవరికి మొరపెట్టుకోవాలి? నగరపాలక సంస్థ ఆఫీసుకు పోతే, "అది కేంద్ర ప్రభుత్వ స్థలం, మా పారిశుధ్య సిబ్బంది గేటు దాటి లోపలికి రారు" అంటారు. వర్క్స్ ఇంజనీరు ఆఫీసుకు పోతే (మన పాతవారు నేటికీ దానిని ఐ.ఓ.డబ్ల్యు. ఆఫీసనే పిలుస్తారు), "మా కాలువ శుభ్రంగానే ఉన్నది, బయట కార్పొరేషన్ కాలువ పూడిపోయింది, నీరు ఎటు పోతుంది?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఇద్దరి మాటలోను కొంత నిజం లేకపోలేదు. ఆ రెండు నిజాల నడుమ నిలిచిన నీటిలో దోమలు పెరుగుతున్నాయి.

వేతనాలు, పింఛను, ఖాళీల భర్తీ వంటి పెద్ద సమస్యలుండగా మురుగు కాలువ గురించి వ్రాయడమేమిటని కొందరు మిత్రులు అడుగవచ్చు. మా అభిప్రాయం వేరు. ఇంట్లో బిడ్డకు డెంగ్యూ వచ్చిన ఉద్యోగికి ఆ నెల జీతంలో ఎంత మిగిలిందో అతని భార్యను అడిగితే తెలుస్తుంది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన లోకో పైలట్ పగటిపూట నిద్రపోవాలంటే కుళాయిలో నీరు, వీధిలో శుభ్రత, ఇంట్లో ప్రశాంతత కావాలి. కాలనీ సేవలు కూడా పని పరిస్థితులలో భాగమేనని మా దృఢమైన నమ్మకం.

ఈ చిక్కుకు మూలం రాజ్యాంగం 285వ అధికరణంలో ఉన్నది. పార్లమెంటు వేరుగా చట్టం చేస్తే తప్ప, కేంద్ర ప్రభుత్వ ఆస్తులపై రాష్ట్రం గాని, రాష్ట్రంలోని ఏ స్థానిక సంస్థ గాని పన్ను విధించరాదని ఆ అధికరణం నిర్దేశిస్తున్నది. రైల్వేల విషయంలో 1989 నాటి రైల్వే చట్టంలోని 184వ సెక్షను ఇదే సూత్రాన్ని పాటిస్తున్నది. కేంద్రం నోటిఫికేషన్ ద్వారా అంగీకరిస్తే తప్ప స్థానిక సంస్థల పన్ను రైల్వేలకు వర్తించదు. సమాఖ్య వ్యవస్థలో ఒక ప్రభుత్వంపై మరొక ప్రభుత్వం పన్ను వేయకుండా ఉండేందుకు ఏర్పరచిన నియమమిది. అయితే దీనిని అడ్డు పెట్టుకొని, పన్ను రానిచోట పని చేయమని పురపాలకులు చేతులు దులుపుకోవడం ఎన్నో పట్టణాలలో ఆనవాయితీ అయిపోయింది.

ఇక్కడ మన సభ్యులలో అధికసంఖ్యాకులకు తెలియని విషయం ఒకటి ఉన్నది. పన్ను లేదు గాని, పన్నుకు బదులు సర్వీసు చార్జీలున్నాయి. 1954లోను, తిరిగి 1967లోను కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ జారీచేసిన ఉత్తర్వుల ప్రకారం, ప్రైవేటు ఇళ్లకు అందే సేవలన్నీ అందుతున్న కేంద్ర ఆస్తులపై ఇంటిపన్నులో 75 శాతం, కొన్ని సేవలు మాత్రమే పొందుతున్న వాటిపై 50 శాతం, నీరు, దీపాలు, పారిశుధ్యం అన్నీ తామే ఏర్పాటు చేసుకున్న కాలనీలపై మూడింట ఒక వంతు స్థానిక సంస్థకు చెల్లించాలి. అంటే వేయి రూపాయల పన్ను పడవలసిన చోట 750, లేదా 500, లేదా సుమారు 333 రూపాయలు. అన్నీ స్వయంగా చూసుకునే కాలనీ కూడా ఎందుకు చెల్లించాలన్న సందేహం కలుగవచ్చు. గేటు దాటిన తరువాత ఆ కాలనీవాసులు నడిచేది ఊరి రోడ్డు మీదనే, కూరగాయలు కొనేది ఊరి మార్కెట్టులోనే, చివరకు పోయేది కూడా ఊరి శ్మశానానికే. కనుక ఆ వంతు న్యాయమైనదే.

ఈ చార్జీల విషయమై ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యాలలో 2009 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పరిష్కారం చూపింది. రాజ్‌కోట్ నగరపాలక సంస్థ దాఖలు చేసిన అప్పీలు అది. కేంద్ర ఆస్తులపై ఆస్తిపన్ను ఉండదు, సర్వీసు చార్జీలు మాత్రం 75, 50, 33⅓ శాతం చొప్పున చెల్లించాలి, ఇందుకై ఆయా శాఖలు స్థానిక సంస్థలతో ఒప్పందాలు కుదుర్చుకోవాలి అన్నది ఆ పరిష్కార సారాంశం.

ఈ ఒప్పందమే మన చేతికి రావలసిన ఆయుధం. ఏ శాతం చెల్లిస్తున్నారో తెలిస్తే ఏ సేవ ఎవరు చేయాలో దానంతటదే తేలిపోతుంది. 75 శాతం చెల్లిస్తున్న కాలనీలో చెత్త బండి రావడం లేదంటే నగరపాలక సంస్థ జవాబు చెప్పాలి. మూడింట ఒక వంతు మాత్రమే చెల్లిస్తూ, లోపలి పనులు తామే చేస్తామని వ్రాసి ఇచ్చిన రైల్వే యాజమాన్యం కాలువ తీయించకపోతే ఆ బాధ్యత యాజమాన్యానిది. 50 శాతం చోట గొడవ ఎక్కువ. ఏ సేవలు ఎవరివి అన్నది కాగితం మీద స్పష్టంగా లేకపోతే రెండు ఆఫీసులకూ తప్పించుకునే దారి దొరుకుతుంది. మన డివిజన్లలో ఎన్ని శాఖల కార్యదర్శులు ఆ కాగితాన్ని చూసియున్నారు? బిల్లులు వస్తాయి, అకౌంట్సు విభాగంలో వాదోపవాదాలు నడుస్తాయి, బకాయిలు పేరుకుంటాయి. ఇంత జరిగినా కాలనీలో కాపురముండే మనిషిని సంప్రదించేవారు లేరు.

తెలుగు రైల్వే కార్మికులకు ఖరగ్‌పూర్ కంటె దగ్గరి ఉదాహరణ వేరే అక్కరలేదు. బి.ఎన్.ఆర్. కాలం నుండి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి పోయి వర్క్‌షాపులో స్థిరపడిన కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. 1927 నాటి బి.ఎన్.ఆర్. సమ్మెతో శ్రీ వి.వి. గిరి గారి పేరు ముడిపడిన ఊరు అది. అక్కడ పురపాలక సంఘం 1954లో ఏర్పడింది. కాని రైల్వే సెటిల్‌మెంటు మాత్రం దీర్ఘకాలం దాని పరిధికి వెలుపలనే ఉండిపోయింది. 2011 జనగణన దానిని వేరొక పట్టణంగా లెక్కించగా తేలిన జనాభా 88 వేలకు పైచిలుకు. మన రాష్ట్రాలలో అంతకంటె చిన్న ఊళ్లకు మునిసిపల్ చైర్మన్లున్నారు. రైల్వే ప్రాంతాన్ని వార్డులుగా చేసి పురపాలకంలో చేర్చిన తరువాత కూడా, భూమి రైల్వేదైనందున రోడ్డు వేయాలన్నా దీపస్తంభం నాటాలన్నా రైల్వే అనుమతి కావాలన్న పేచీ పోలేదు. ఓటు వచ్చినంత మాత్రాన సేవ రాదని ఖరగ్‌పూర్ తెలుపుతున్నది.

కాలనీలలో ఉండేవారి సంగతి ఇది. నేడు మన ఉద్యోగులలో పెక్కుమంది, అందునా తపాలా సోదరులు, క్వార్టర్లు చాలక అద్దె ఇళ్లలోనో, అప్పుచేసి కట్టుకున్న సొంత ఇళ్లలోనో ఉంటున్నారు. వారు పన్ను నేరుగా కడుతున్నారు, లేదా అద్దె రూపంలో కడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టాన్ని సవరించి, అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువపై పన్ను లెక్కించే పద్ధతి తెచ్చారు. ఒక ఏడాదిలో పెంపు 15 శాతం మించరాదన్న పరిమితి పెట్టారు గాని, పెంపు ఏటేటా వస్తూనే ఉంటుందన్న సంగతి పన్ను నోటీసు అందుకున్నవారికి తెలుసు. 2021లో మొదలైన చెత్త రుసుము మాత్రం ప్రజల నిరసన ఫలితంగా 2024లో రద్దయింది. వీధివీధినా కదలిక వస్తే ఫలితముంటుందనడానికి ఇది నిదర్శనం.

తపాలా ఉద్యోగికి పురపాలక పాలనతో మరొక సంబంధం కూడా ఉన్నది. ఇంటి నెంబర్లు వేయడం పురపాలకుల పని. ఆ పని సరిగా జరగనందువల్ల కలిగే భారమంతా మోసేది పోస్టుమాన్. పాత నెంబరు, కొత్త నెంబరు, ప్లాటు నెంబరు, దానిపైన బై వేసి మరొక నెంబరు! పదకొండవ ఇంటి ప్రక్కన నూట నలభై రెండవ ఇల్లు! 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చినప్పుడు అది ఉత్తరాన్ని సరైన పోస్టాఫీసు దాకా చేర్చింది. అక్కడి నుండి గడప దాకా చేర్చేది నేటికీ పోస్టుమాన్ జ్ఞాపకశక్తే. 2025లో తపాలా శాఖ డిజిపిన్ అనే కొత్త చిరునామా పద్ధతిని తెచ్చింది. మంచిదే. కాని వీధి పేరు బోర్డు, గోడ మీద కనిపించే నెంబరు లేకుండా ఏ పద్ధతి వచ్చినా ఎండలో తిరగడం తప్పదు. నగరంలో ఏ సందులో దీపం లేదో, ఏ మ్యాన్‌హోలుకు మూత లేదో పోస్టుమాన్‌కు తెలిసినంతగా కమీషనరుకు తెలియదు. ఆ తెలిసినదాన్ని అడిగి వ్రాసుకునేవారే లేరు.

అడుగవలసినది వార్డు ప్రతినిధి. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు అయిదేళ్ల కాలపరిమితి నిర్ణయించి, అది ముగియకముందే ఎన్నికలు జరపాలన్నది. మూడు లక్షలు, ఆపైన జనాభా గల సంస్థలలో వార్డు కమిటీలు ఉండాలన్నది. జరిగినదేమిటి? విశాఖపట్నం మహానగర పాలక సంస్థ 2012 నుండి 2021 మార్చి వరకు ఎన్నికైన పాలకవర్గం లేకుండా తొమ్మిదేళ్లు గడిపింది. చెన్నై 2016 నుండి 2022 దాకా అదే స్థితిలో ఉన్నది. 2022 మార్చిలో కాలపరిమితి తీరిన బొంబాయి కార్పొరేషన్ మూడేళ్లకు పైగా అధికారి చేతిలో నడిచింది. మూడూ పెద్ద రైల్వే కేంద్రాలే. కార్పొరేటరు మంచివాడు కాకపోవచ్చు. కాని అతని ఇంటి తలుపు తట్టవచ్చు. ప్రత్యేకాధికారి గదికి స్లిప్పు వ్రాసి పంపాలి.

ప్రభుత్వోద్యోగులు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదు, ప్రచారం చేయరాదు. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1966 నాటి రైల్వే నియమావళి ఈ మాట స్పష్టంగా చెబుతున్నాయి. ఓటు మాత్రం వేయవచ్చు. ఈ నిషేధాన్ని సాకుగా తీసుకొని పురపాలక వ్యవహారమంటేనే మనది కాదని ఊరుకునే అలవాటు మనలో పాతుకుపోయింది. కాలువ గురించి అర్జీ పెట్టడం రాజకీయం కాదు. ఒప్పందం ప్రతిని సమాచార హక్కు చట్టం క్రింద కోరడం రాజకీయం కాదు. పి.ఎన్.ఎం. సమావేశాలలో, కాలనీ కేర్ కమిటీలలో, తపాలా డివిజన్ స్థాయి చర్చలలో ఈ అంశాన్ని పెట్టే హక్కు సంఘాలకు ఉన్నది.

ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. కాలువ తీయించమని మనం పట్టుబట్టినప్పుడు అందులోకి దిగేది ఎవరు? కాలనీలోపలనైనా, బయటనైనా నేడు అధికభాగం కాంట్రాక్టు కార్మికులే. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో, సెప్టిక్ ట్యాంకులోకో దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ విధంగా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 డిసెంబరు చివర ఆంధ్రప్రదేశ్ పురపాలక కార్మికులు సమ్మె చేసినప్పుడు వీధులలో చెత్త పేరుకుపోయిందని విసుగుకున్నవారిలో మన సభ్యులు కూడా ఉన్నారు. 1974 సమ్మెలో బళ్లు ఆగినప్పుడు మనపై విసుగుకున్నవారి ముఖాలు గుర్తున్న పెద్దలు ఆ యువకులకు నచ్చచెప్పవలసింది. మన కాలనీ శుభ్రత కోసం చేసే అర్జీలోనే ఆ కార్మికుని మాస్కు, చేతి తొడుగులు, యంత్రం, నెలనెలా జీతం కూడా ఉండాలి.

కాబట్టి ప్రతి శాఖ ముందుగా తెలుసుకోవలసింది ఇది: మన కాలనీకి సంబంధించి సర్వీసు చార్జీల ఒప్పందం ఉన్నదా, ఉంటే ఎంత శాతం, చివరగా చెల్లించినది ఏ సంవత్సరానికి, అందులో వ్రాసిన సేవలేవి? ఒప్పందమే లేకపోతే ఆ సంగతినే అంశంగా వ్రాసి తదుపరి పి.ఎన్.ఎం.కు పంపాలి. ఉన్నచోట దాని తెలుగు సారాంశాన్ని, ఏ పనికి ఏ ఆఫీసు బాధ్యతో తెలిపే వివరంతో సహా, కాలనీ గేటు వద్ద, ఇన్‌స్టిట్యూట్ నోటీసు బోర్డుపై అంటించాలి. జవాబులు అందిన కొద్దీ మాకు పంపితే ఏ డివిజనులో ఏ పరిస్థితి ఉన్నదో ఈ పత్రికలోనే ప్రకటిస్తాము.