సెంటు జాగాలో సొరపాదు ఎక్కడ పెట్టాలి?

పల్లెలో కూలివాడికి సేద్యపు భూమి లేకపోయినా గుడిసె వెనక చారెడు పెరడు ఉండేది. కప్పు మీదికి పాకిన సొరపాదు, దడికి అల్లుకున్న చిక్కుడు, బోకులు కడిగిన నీళ్ళు పారేచోట నాలుగు గోంగూర మొక్కలు. ఆ పూటకు కూర గడిచిపోయేది. సెనక్కాయ పంట ఏండ్ల తరబడి ఎండి, పనుల్లేక అనంతపురం చేరిన కుటుంబాలకు ఆ పెరడు కూడా పోయింది. బేల్దారి పనికో, హమాలీకో పోయి తెచ్చిన కూలిలో ఇప్పుడు కొత్తిమీర కట్టకు సైతం లెక్క చూసుకోవాల్సిందే. ముందుగా తగ్గేది ఆడవాళ్ళ కంచంలో ఆకుకూరే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది.

పట్టణాల్లో ఈ మధ్య మిద్దె తోటల మాట బాగా వినబడుతోంది. మంచిదే, మందు కొట్టని కూర ఎవరు తిన్నా మాకు సంతోషమే. మిద్దె ఉన్నవాళ్ళకు సరే, మరి రేకుల ఇంటివాళ్ళ సంగతేమి? 2020 డిసెంబరులో ఇండ్ల పట్టాలు ఇచ్చినప్పుడు ప్రభుత్వం పల్లెలో సెంటున్నర, పట్టణంలో ఒక్క సెంటు కొలిచింది. సెంటంటే 48 గజాలు. ఇల్లు, మరుగుదొడ్డి పోగా తులసికోటకే జాగా వెతుక్కోవాలి. 2024 ఎన్నికల్లో కూటమి పార్టీలు పట్టణంలో 2, పల్లెలో 3 సెంట్లు ఇస్తామన్నాయి. అది వదిలిపెట్టకుండా అడగాల్సిందే. అయితే ఇప్పటికే సెంటులో ఇల్లు కట్టుకున్నవాళ్ళ గోడలు వెనక్కి జరగవు గదా! వాళ్ళకోసమే కాలనీకొక ఉమ్మడి కూరగాయల మడి కావాలని మేమంటున్నాము.

తాగడానికే నీళ్ళు లేని ఊళ్ళో తోటేంది అని అధికారులు నవ్వుతారు. లెక్క చూద్దాం. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 300 చదరపు అడుగుల కప్పు మీద కురిసేది 15 వేల లీటర్లకు పైమాటే. అదంతా ఇప్పుడు మురికికాలవ పాలు. స్నానాలకు మనిషికొక బకెట్టు అనుకున్నా, ఐదుగురున్న ఇంట్లో దినమూ 5 బకెట్ల వాడిన నీళ్ళు మిగులుతాయి. సబ్బు పొడి కలిసిన నీళ్ళు ఆకుకూరలకు పోయరాదు. అరటికి, మునగకు మళ్ళించవచ్చు. బోకులను బూడిదతో తోమి కడిగిన మా అమ్మలకు ఈ తంటా లేకుండె.

మనకంటే ఎండిన ఊళ్ళు ఈ పని చేసి చూపించాయి. అమెరికాలో అరిజోనా ఎడారిలో టూసాన్ అని ఒక నగరముంది. అక్కడ వాన సుమారు 300 మిల్లీమీటర్లే. ఆ ఊరిలో డన్‌బార్ స్ప్రింగ్ అనే పేటవాళ్ళు 1996లో వీధుల వెంట చెట్లు నాటడం మొదలుపెట్టారు. రోడ్డు అంచు రాళ్ళకు గండికొట్టి, వీధిలో పారే వాననీళ్ళను చెట్ల పాదుల్లోకి మళ్ళించారు. అప్పట్లో అది చట్టానికి విరుద్ధం. 2007లో నగరపాలక సంస్థే దానికి అనుమతి ఇచ్చింది. మన సర్కారు తుమ్మకు దాయాది అయిన మెస్కీట్ చెట్టు కాయలను అక్కడ పిండి పట్టించి రొట్టెలు చేసుకుంటారు. కంపచెట్టు కాయ తినేదేమిటని మనవాళ్ళకు నవ్వు రావచ్చు!

నీళ్ళకు దారి ఉంది. అసలు తగాదా జాగా దగ్గరనే. ప్రైవేటు లేఅవుట్లలో నూటికి 10 వంతులు ఉమ్మడి జాగాగా వదలాలని మన రాష్ట్రపు 2017 నిబంధనలు చెబుతున్నాయి. స్థలాలమ్ముకునే వ్యాపారి కట్టుబడాల్సిన నియమం పేదల కాలనీ వేసే సర్కారుకు వద్దా? పార్కు పేరుతో వదిలినచోట కూడా సిమెంటు బల్లలు, ఇనుప గేటు, దానికి తాళం. ఆ జాగాను కాలనీ ఆడవాళ్ళ కమిటీ పేరిట రాసివ్వాలి. గుంతలు తవ్వే పనికి కూలి ఇవ్వాలి. పట్టణాల్లో పని హామీ కుదరదనేవాళ్ళు కేరళలో 2010లో మొదలైన అయ్యంకాళి పథకాన్ని చూడాలి. పేదలు తమ చెమటతో ఊరికే చేసుకోవాలనే "స్వచ్ఛంద సేవ" మాటకు మేము ఒప్పుకోము.

అనంతపురంలో పెద్ద వానలు సెప్టెంబరులో పడతాయి. అప్పటికి గుంతలు, కాలవలు సిద్ధంగా ఉండాలంటే జాగా ఎండాకాలంలోనే చేతికి రావాలి. ప్రతి కాలనీలో ఖాళీ జాగా ఎంతుందో గజాల లెక్కన కొలిచి, ఏ ఇంటికెంత మడి, ఏ విత్తనాలు కావాలో ఆడవాళ్ళనే అడిగి రాసుకుని, ఆ కాగితంతో మున్సిపల్ ఆఫీసుకు పోదాము.