కిచిజిరోను క్షమించగలమా?

షుసాకు ఎండో నవల 'సైలెన్స్' మొదటిసారి చదివేనాటికి నాకు ముప్పై ఏళ్లు నిండలేదు. అప్పుడు దాన్ని రోడ్రిగ్స్ అనే పోర్చుగీసు ఫాదరీ కథగా చదివాను. యాభై దాటిన తరువాత, ఈ శీతకాలం రాత్రి డ్యూటీల నడుమ మళ్లీ చదివితే అది కిచిజిరో కథగా కనిపించింది.

1966లో జపాను భాషలో వెలువడిన ఈ నవలను విలియం జాన్‌స్టన్ ఇంగ్లీషులోకి అనువదించారు. పదిహేడవ శతాబ్దపు జపానులో క్రైస్తవం నిషిద్ధం. అనుమానితుల ముందు క్రీస్తు ప్రతిమ చెక్కిన ఫుమియె అనే పలకను ఉంచేవారు. దాన్ని తొక్కినవారు బతికేవారు. కిచిజిరో తొక్కి బతికాడు. తొక్కనన్న అతని తోబుట్టువులు మంటల్లో కాలిపోయారు. తరువాత అతడు రోడ్రిగ్స్‌నూ పట్టించాడు. ఫాదరీని పట్టించినవారికి అధికారులు ప్రకటించిన బహుమానం 300 వెండి నాణేలు. యూదాకు ముట్టినవి 30. అయినా కిచిజిరో ఏడుస్తూ, తాను ద్రోహం చేసిన ఆ మనిషి దగ్గరికే మళ్లీమళ్లీ వచ్చి, తన పాపాన్ని ఒప్పుకుంటానంటాడు. రోడ్రిగ్స్‌కు అతడంటే రోత. చదివే మనకూ రోతే.

ఇటువంటివాణ్ణి క్షమించాలా? ఈ ప్రశ్నకు చాలామంది బోధకులు తడుముకోకుండా మత్తయి సువార్త 18వ అధ్యాయం చూపుతారు. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే, యేసు చెప్పిన లెక్క లెక్కకు అందనిది. అయితే అదే అధ్యాయంలో దానికి ముందున్న మాటలు ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తాయి. తప్పు చేసిన సోదరునికి మొదట ఏకాంతంగా చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి తెలపాలి. అంటే తప్పును తప్పుగా పేర్కొనడం అక్కడ మొదటి మెట్టు. ఆ మెట్టు తప్పించి, గాయపడినవారితో "క్షమించెయ్యమ్మా, మరచిపో" అనడం క్రైస్తవ బోధ కాదనే నా అభిప్రాయం. లోపల చీము ఉండగా పైన కుట్లు వేస్తే ఏమవుతుందో ప్రతి వైద్యునికీ తెలుసు.

పేతురు సంగతే చూడండి. ప్రధానయాజకుని ముంగిట చలిమంట దగ్గర నిలబడి, యేసును ఎరుగనని మూడుసార్లు బొంకాడు. యోహాను సువార్త చివర, తిబెరియ సముద్రతీరాన యేసు అతణ్ణి మళ్లీ ఒక నిప్పుల మంట దగ్గరికే పిలిచాడు. ఆ బొగ్గుల మంటకు గ్రీకు మూలంలో వాడిన పదం కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లనే కనిపిస్తుంది. తనను ప్రేమిస్తున్నావా అని యేసు మూడుసార్లు అడిగాడు. మూడవసారి పేతురు నొచ్చుకున్నాడు. అయినా ఆ ప్రశ్నను యేసు దాటవేయలేదు. అడిగి, జవాబు విని, తన మందను మేపే పనిని అప్పగించాడు.

యూదాకు అటువంటి తీరం దొరకలేదు. అతడూ పశ్చాత్తాపపడి 30 నాణేలు తిరిగి ఇచ్చాడని మత్తయి రాశాడు. కానీ అతడు ఒప్పుకున్నది ప్రధానయాజకుల దగ్గర. వారు అది తమకు సంబంధం లేని విషయమన్నారు. వినేవాడు లేని ఆ పశ్చాత్తాపం అతణ్ణి ఉరితాటికి చేర్చింది. ఇది గుర్తుకు వచ్చాక కిచిజిరో మీద నా రోత కొంత తగ్గింది. అతడు పిరికివాడే. కానీ ఎవరి దగ్గరికి వెళ్లాలో అతనికి తెలుసు.

ఇంత రాయడానికి స్వంత కారణం ఒకటుంది. ఇంగ్లండు వచ్చిన కొత్తలో, నేను పనిచేసిన వార్డులో ఒక రోగికి మందు ఎక్కువ మోతాదులో పడింది. చీటీ మీద ఆ అంకెను అస్పష్టంగా రాసింది నేను. విచారణలో నింద ఒక నర్సు మీదికి పోతుంటే నోరు విప్పలేదు. ఇక్కడి యాస అర్థంకాక ఫోనుకు భయపడే నన్ను పక్కన కూర్చోబెట్టుకొని నేర్పిన మనిషి ఆమె. రోగి కోలుకున్నాడు. ఆమె ఆ ఉద్యోగం వదిలి వెళ్లిపోయింది. పొరపాటు జరిగితే రోగికి చెప్పి తీరాలని ఇక్కడి ఆసుపత్రులకు 2014లో చట్టం వచ్చింది. సహోద్యోగికి చేసిన ద్రోహాన్ని ఒప్పుకొమ్మని ఏ చట్టమూ చెప్పదు.

ఈ పుస్తకం ముగించిన వారంలో ఆమె చిరునామా సంపాదించి ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్లు రాశాను. నా భయాన్ని సాకుగా చూపలేదు, క్షమించమని ఒత్తిడి చేయలేదు. క్షమాపణ ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆమె ఇష్టం. నిజం చెప్పడం నా బాకీ. జవాబు ఇంకా రాలేదు. విచారణ జరిపిన ఆసుపత్రికి కూడా అదే ఉత్తరం ప్రతి పంపించాను.