కొట్టు మనదే, సైటు మాత్రం కొనేవాళ్ళది

అమెరికాలో మనవాళ్ళు నడుపుకునే హోటళ్ళు, కిరాణా కొట్లు, స్వీటు షాపుల వెబ్‌సైట్లు చూస్తుంటే నాకొకటి అనిపిస్తుంది. వంటకి మంచి వంటవాణ్ణి వెతికి తెచ్చుకుంటారు. లెక్కలకి సీపీఏ ఉంటాడు. సైటు దగ్గరికొచ్చేసరికి మాత్రం "అదెంతసేపు, మా బావమరిది సాఫ్ట్‌వేరేగా" అనేస్తారు.

సొంతంగా చేసుకోవడం తప్పని నేననను. చిన్న వ్యాపారానికి డిజైనర్ని పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. చిక్కల్లా ఏమిటంటే, సైటు చేసేవాడు కొట్టు లోపల కూర్చుని చేస్తాడు, వచ్చేవాడు వీధిలోంచి చూస్తాడు. లోపలివాడికి ఏది ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి, బయటివాడికి కనపడటం లేదన్న సంగతి తట్టదు.

మొదటి పేజీ తెరవండి. వాటంతటవే మారిపోయే నాలుగు పెద్ద ఫొటోలు, "మా ప్రస్థానం", ప్రారంభోత్సవం రోజు రిబ్బను కత్తిరింపు. ఓనరుకి ఇవన్నీ ముచ్చటే. శుక్రవారం సాయంత్రం ఆకలితో ఉన్న పిల్లల్ని కారులో కూర్చోబెట్టుకుని ఫోన్లో వెతికేవాడికి కావలసినవి మూడే: ఇప్పుడు తెరిచుందా, ఎక్కడుంది, తినడానికి ఏమున్నాయి. అవి పేజీ అడుగున ఎక్కడో ఉంటాయి. ఫోన్ నంబరు బొమ్మలో కలిసిపోయి ఉంటుంది, నొక్కితే కాల్ వెళ్ళదు. మెనూ అంటే ప్రింటుకిచ్చిన పీడీఎఫ్‌నే ఎక్కించేస్తారు. గుత్తివంకాయ ధర కోసం రెండు వేళ్ళతో సాగదీసుకుంటూ కూర్చోవాలి.

ఇక ఫారాలు. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలో పడిపోయి, అమెరికా వీసా మీద "ఎఫ్ఎన్‌యూ", అంటే మొదటి పేరు తెలియదు అని వేయించుకుని అవస్థపడ్డవాళ్ళు మనలో ఎంతమందో. అలాంటి మనమే అరకిలో కాజాలు అమ్మడానికి ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ రెండూ తప్పనిసరి అంటాం, ఒక్క అక్షరం ఇంటిపేరు చెల్లదంటాం. ఆపైన అకౌంటు తెరిచి, పాస్‌వర్డు పెట్టుకోమంటాం.

జారెడ్ స్పూల్ అనే యూజబిలిటీ నిపుణుడు రాసిన ఉదంతం ఈ రంగంలో చాలామందికి తెలుసు. ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణం డబ్బు కట్టించుకునే ముందు "రిజిస్టర్" చెయ్యమనేది. ఆ బటన్ తీసేసి "కంటిన్యూ" అని పెట్టి, కొనడానికి అకౌంటు అక్కర్లేదని పక్కన ఒక ముక్క రాశారు. మొదటి ఏడాదిలో అమ్మకాలు 30 కోట్ల డాలర్లు పెరిగాయంటాడాయన. మన కొట్టుకి అన్ని కోట్లు రావనుకోండి, కానీ విసుగు ఎక్కడైనా విసుగే.

విసిగినవాడు గొడవపడడు, ఫిర్యాదు చెయ్యడు. మెల్లగా డెలివరీ యాప్‌లోకి వెళ్ళి అదే బిరియానీ అక్కడ ఆర్డరు పెడతాడు. ఆ యాప్‌లు ఆర్డరు మీద తీసుకునే కమిషను మామూలుగా 15 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. బిరియానీ అమ్ముడైంది కదా అని ఓనరు సంతోషపడతాడు గానీ, తన సైటు తిప్పి పంపేసిన మనిషి కోసమే ఆ కమిషను కడుతున్నానని అతనికి తెలియదు.

దీనికి మందు ఖరీదైనదేం కాదు. ఐదుగురి చేత వాడించి చూస్తే ఎక్కువ లోపాలు బయటపడతాయని యాకోబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. మీ కొట్టుకి ఎప్పుడూ రాని ఐదుగుర్ని పిలవండి, ఇంట్లోవాళ్ళు వద్దు. వాళ్ళలో అరవై దాటినవాళ్ళు ఒకరైనా ఉండాలి. వాళ్ళ ఫోన్లోనే సైటు తెరిపించి, "రేపటికి రెండు కిలోల అరిసెలు ఆర్డరు పెట్టండి" అని చెప్పి పక్కన కూర్చోండి.

ఆ తర్వాత నోరు మెదపకూడదు. "అదిగో, పైన ఉందిగా" అనాలని నాలుక పీకుతుంది. అలా అనిపించిన ప్రతిసారీ ఆ చోటేదో కాగితం మీద రాసుకోండి. సైటులో ముందు బాగుచెయ్యాల్సినవి అవే.