టెన్నిస్‌తో అమెరికా చదువు: మారిన లెక్కలు

ఆట బాగా ఆడితే అమెరికాలో చదువు ఉచితమన్న మాటలో సత్యం ఉన్నది. అయితే అది సగం సత్యమే. విశాఖలో ఆట నేర్చిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం జట్టులో ఆడి, అనంతరం 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలలో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచారు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా తరఫున 2007, 2008 సంవత్సరాలలో అమెరికా కళాశాలల సింగిల్స్ విజేత. హైదరాబాదు క్రీడాకారిణి సహజ యమలపల్లి టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదివారు. అయితే ఆ తరం నడిచిన బాట నేడు అదే రీతిలో లేదు.

కళాశాలల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ మొదటి శ్రేణిలో 2024-25 వరకు మహిళల జట్టుకు 8 పూర్తి స్కాలర్‌షిప్‌లు, పురుషుల జట్టుకు నాలుగున్నర మాత్రమే అనుమతించేది. ఆ నాలుగున్నరను కోచ్ ఎనిమిది, తొమ్మిది మంది అబ్బాయిలకు పంచేవారు. "స్కాలర్‌షిప్ వచ్చింది" అని ఊరంతా మిఠాయిలు పంచిన ఇంట, మిగిలిన సగం రుసుము తండ్రే కట్టవలసి వచ్చేది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ఈ పరిమితిని తొలగించినది. దానిలో చేరిన కళాశాలలు జట్టుకు 10 మందిని మించి ఉంచుకోరాదు గాని, ఆ పది మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చును.

ఇవ్వవచ్చును అన్నారే గాని ఇవ్వాలి అనలేదు. కిటుకంతా ఇక్కడే ఉన్నది. అదే ఒప్పందం ప్రకారం 2025-26లో ఒక్కొక్క కళాశాల తన క్రీడాకారులకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా చెల్లించవచ్చును. ఆ సొమ్ములో అధిక భాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లకే పోతున్నది. భారం తగ్గించుకొనుటకు కొన్నిచోట్ల చిన్న ఆటలపై వేటు పడుచున్నది. టెక్సాస్ విశ్వవిద్యాలయం ఎల్ పాసో శాఖ 2025లో మహిళల టెన్నిస్ జట్టునే రద్దు చేసినది. మూడవ శ్రేణి కళాశాలలు, హార్వర్డ్ వంటి ఐవీ లీగ్ విద్యాసంస్థలు ఆట పేరిట స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వవు.

ఆట కన్నా ముందు మన పిల్లలను ఆపేది కాగితమే. మొదటి శ్రేణిలో ఆడవలెనంటే తొమ్మిదవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు 16 ప్రధాన పాఠ్యాంశాలు, నాలుగు పాయింట్ల కొలమానంలో కనీసం 2.3 సగటు అవసరం. శాట్ పరీక్ష నిబంధనను ఎన్‌సీఏఏ 2023లో ఎత్తివేసినను, కళాశాల విడిగా అడుగవచ్చును. సరిహద్దు ఇళ్లలో పిల్లవాడు పదవ తరగతి వరకు ఒక రాష్ట్రంలో, ఇంటర్ లేదా పీయూసీ మరొక రాష్ట్రంలో చదువుట మామూలే. మార్కుల పట్టీలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర. ఒకచోట తెలుగు ఉచ్చారణ, మరొకచోట కన్నడ లేదా తమిళ ఉచ్చారణ. తొమ్మిదవ తరగతి పట్టీ అయితే ఎవరూ దాచిపెట్టరు! ఇవన్నీ పదవ తరగతిలోనే సరిచేయించుకొనుట మేలు.

దళారులకు లక్షలు ధారపోయుట ఎందుకో నాకు బోధపడదు. కోచ్‌లు చూచేది యూటీఆర్ అనే రేటింగును, ఆట వీడియోను, మార్కులను. ఈ మూడింటిని జతచేసి విద్యార్థే ఈమెయిల్ వ్రాయవచ్చును. మొదటి శ్రేణి కోచ్‌లు పదవ తరగతి ముగిసిన ఏడాది జూన్ 15 నుండి బదులు ఇవ్వగలరు.

కోచ్ "సరే" అన్నచో నోటిమాటతో సరిపెట్టుకొనరాదు. రుసుము, వసతి, భోజనం, ఆరోగ్య బీమాలలో ఏది ఎంత ఇచ్చెదరు, ఎన్ని సంవత్సరాలు, గాయమైతే ఏమగును అన్నవి వ్రాతపూర్వకంగా తీసుకొనవలెను. విమాన టికెట్టు చాలాసార్లు మనదే. ఎఫ్-1 వీసాపై చదువుకాలంలో వారానికి 20 గంటలకు మించి ప్రాంగణంలో పని చేయరాదు కనుక, లోటును అక్కడే సంపాదించి పూడ్చెదమనుట కుదరదు. 2025 మే చివర నుండి మూడు వారాల పాటు కొత్త వీసా ఇంటర్వ్యూల కేటాయింపే నిలిచిపోయినది; మళ్లీ మొదలయ్యాక సోషల్ మీడియా ఖాతాల పరిశీలన తోడయినది. కళాశాల పంపే ఐ-20 పత్రంలో ఏడాది ఖర్చు ఎంత, స్కాలర్‌షిప్ ఎంత అన్నది అంకెలతో ఉండును. ఆ రెంటి మధ్య తేడాకు సరిపడు సొమ్ము కుటుంబం వద్ద ఉన్నదని వీసా అధికారికి చూపవలసి యుండును.