గూడు మారితే తప్పా?

2025 ఏప్రిల్ 7, శాన్ ఆంటోనియో. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ ఆఖరి క్షణాలు. హ్యూస్టన్ ఆటగాడు షాట్ కోసం గాల్లోకి లేచాడు. ఫ్లోరిడా ఆటగాడు వాల్టర్ క్లేటన్ మీదికి దూసుకురావడంతో బంతి కింద వదిలేశాడు. మళ్లీ ముట్టుకుంటే నిబంధన తప్పినట్టే. గెంతుతున్న బంతిని చూస్తూ నిలబడిపోయాడు. 65-63తో కప్పు ఫ్లోరిడాది. ఆ క్లేటన్ మొదట ఆడింది అయోనా అనే చిన్న కాలేజీకి. సహచరులు విల్ రిచర్డ్, అలైజా మార్టిన్ కూడా వేరేచోట నుంచి వచ్చినవాళ్లే.

ఒకప్పుడు కాలేజీ మారితే సాధారణంగా ఏడాది బెంచీకే అతుక్కోవాలి. పైగా చిన్నచూపు. 2018లో, మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే బదిలీ పోర్టల్ వచ్చింది. 2021లో ఒకసారి, 2024 నుంచి చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లైనా మారి వెంటనే ఆడొచ్చన్నారు. తమ పేరు మీద సంపాదించుకునే హక్కూ 2021 జులైలో దక్కింది. ఇప్పుడు కుర్రాళ్లు మొహమాటం లేకుండా అడుగుతున్నారు: ఎన్ని నిమిషాలు ఆడిస్తారు, ఎంత ఇస్తారు?

ఇలా కాలేజీ మారడాన్ని నమ్మకద్రోహం అంటే మేం ఒప్పుకోం. అయోనాలో క్లేటన్ కోచ్ రిక్ పిటినో కూడా 2023లోనే సెయింట్ జాన్స్‌కు వెళ్లాడు. పెద్దలు మారితే ఎదుగుదల, పిల్లలు మారితే అవకాశవాదమా? అయితే ఊరూరా తిరిగిన కుర్రాడి క్రెడిట్లన్నీ వెంట రావు, డిగ్రీ వెనకబడుతుంది. పోర్టల్లో పేరెక్కించి, పిలుపు రాక, ఉన్న స్కాలర్‌షిప్పూ చేజారినవాళ్ల పేర్లు పత్రికలకెక్కవు. చిన్న కాలేజీలేమో నారు పోసి, నీరు పెట్టి, కోతల వేళకు పంట పక్కవాడి కళ్లానికి పంపుతున్నాయి.